పళ్లేనికి ఉన్న విలువ మోచేతికి లేదా? డిస్క్ గోల్ఫ్ పెద్దలకు ఒక తల్లి బహిరంగ లేఖ

ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్ (పీడీజీఏ) బోర్డు వారికి,
డిస్క్ గోల్ఫ్ ప్రో టూర్ నిర్వాహకులకు,
డిస్కులు తయారుచేసి ఆటగాళ్లను స్పాన్సర్ చేసే కంపెనీల యజమానులకు,

నమస్కారం.

నేను నార్త్ కరొలైనాలోని షార్లెట్‌లో ఉంటాను. వారంలో ఐదు రోజులు బ్యాంకు ఐటీలో ఉద్యోగం. శని, ఆదివారాలు మా అమ్మాయికి క్యాడీని. అంటే తన డిస్కుల బ్యాగు మోసుకుంటూ, నీళ్ల సీసా అందిస్తూ, పొదల్లో పడిన డిస్కు కోసం ముళ్లలో చేతులు పెట్టి వెతికే మనిషిని. ఈ ఆటలో పిల్లలకయ్యే గాయాలు, కంపెనీలు వాళ్లతో చేసుకునే కాంట్రాక్టుల మీద మీకు ఇంగ్లీషులో రెండుసార్లు రాశాను. మొదటిసారి ‘మీ సందేశం అందింది’ అని మెషీన్ పంపే జవాబు వచ్చింది. రెండోసారి అదీ రాలేదు. అందుకే ఈసారి తెలుగులో, పదిమందీ చదివేలా రాస్తున్నాను. ఇంగ్లీషు ప్రతి మీకు విడిగా పంపాను కాబట్టి భాష అర్థం కాలేదన్న ఇబ్బంది మీకు ఉండదు. షార్లెట్‌లో, డాలస్‌లో, అట్లాంటాలో పార్కులకు పిల్లల్ని తీసుకెళ్లే మన తెలుగు అమ్మానాన్నలకు కూడా ఇది తెలియాలి.

ముందు మా వాళ్ల కోసం నాలుగు మాటలు. డిస్క్ గోల్ఫ్ అంటే బంతికి బదులు ఫ్రిస్బీ లాంటి డిస్కు, గుంతకు బదులు గొలుసులు వేలాడే ఇనప బుట్ట. తక్కువ విసుర్లలో డిస్కును బుట్టలో వేసినవాళ్లు గెలుస్తారు. ఆ గొలుసుల బుట్టను తయారుచేసింది ఎడ్ హెడ్రిక్. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు వేయించిందీ, 1976లో పీడీజీఏను మొదలుపెట్టిందీ ఆయనే. 2002లో పోయినప్పుడు ఆయన కోరిక ప్రకారం చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు. మనం గోదావరిలో కలుపుతాం, ఆయన గాల్లో ఎగరాలనుకున్నాడు. ఆట మీద అంత ప్రేమ ఉన్న మనిషి పెట్టిన సంస్థకే నేనీ ఉత్తరం రాస్తున్నాను కాబట్టి, వింటారన్న ఆశ ఇంకా ఉంది.

మేము ఈ ఆటలోకి వచ్చిన కారణం చాలా మామూలుది. ఖర్చు లేదు. టెన్నిస్ కోచింగ్‌కి, స్విమ్మింగ్ క్లబ్బుకి నెలనెలా కట్టే ఫీజులు చూసి బెదిరిపోయిన రోజుల్లో, ఇంటికి దగ్గర్లో ఉన్న ఎలాన్ పార్కులో కోర్సు కనిపించింది. ఫ్రీ. అమెరికాలో పదింట తొమ్మిది కోర్సులు ఇలా ఉచితంగానే ఉంటాయి. మూడు డిస్కులు కొంటే ముప్ఫై డాలర్లు కూడా కాలేదు. అప్పుడు తనకు పదకొండేళ్లు. తెనాలి నుంచి వచ్చిన మా మామగారు ఆ బుట్ట చుట్టూ ఒకసారి తిరిగి, గొలుసులు గలగలలాడించి, ‘దీనిలోకి పళ్లెం వేయడానికి ఇంత దూరం నడవాలా అమ్మా, దగ్గరికెళ్లి వేస్తే పోదా?’ అన్నారు. రెండు నెలలుండి వెళ్లేటప్పటికి ఆయనకీ సొంత పటర్ (దగ్గరి నుంచి బుట్టలోకి వేసే డిస్కు) ఉంది.

మూడేళ్లలో అమ్మాయి జూనియర్ పోటీల్లో పేరు తెచ్చుకుంది. పదిహేనో ఏట ఒక డిస్కు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, ‘మా టీములో చేరతావా?’ అని. ఇంట్లో పండగ. కాంట్రాక్టు ఆరు పేజీలు. చదివాను, కానీ ఆనందంలో చదివాను. అందులో ఉన్నవి ఇవి: బ్యాగులో ఆ కంపెనీ డిస్కులు తప్ప వేరేవి ఉండకూడదు. ఏడాదికి పన్నెండు టోర్నమెంట్లు తప్పనిసరిగా ఆడాలి. వారానికి రెండు పోస్టులు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాలి. బదులుగా కంపెనీ ఇచ్చేవి రెండు జెర్సీలు, ఏడాదికి పది డిస్కులు, మిగతా వాటిపై డిస్కౌంటు. ఎంట్రీ ఫీజులు మావి, పెట్రోలు మాది, హోటలు మాది. అంతకుముందు తను ఇష్టపడి ఆడిన పాత డిస్కులన్నీ అటకెక్కాయి. వాటి స్థానంలో కొత్త సెట్టు డిస్కౌంటులోనే కొన్నాం. లెక్క వేస్తే, స్పాన్సర్ లేనప్పటికంటే స్పాన్సర్ వచ్చాకే మా ఖర్చు పెరిగింది.

తొమ్మిదో టోర్నమెంటు తర్వాత మోచేయి లోపలివైపు నొప్పి మొదలైంది. పన్నెండు పూర్తి కావాలన్న టెన్షన్‌తో ఐస్ పెట్టుకుని ఇంకో రెండు ఆడింది. తర్వాత డ్రైవ్ (దూరపు విసురు) వేయడం సంగతి అలా ఉంచండి, స్కూల్ బ్యాగు జిప్పు లాగలేకపోయింది. డాక్టరు ఆరు నెలలు విసరొద్దన్నారు. ఎంఆర్‌ఐకి, ఫిజియోథెరపీకి ఇన్సూరెన్సు పోను మా జేబులోంచి పోయిన డబ్బుతో మా మామగారిని రెండుసార్లు తెనాలి నుంచి ఇక్కడికి తీసుకురావచ్చు. కంపెనీకి విషయం రాస్తే మూడు వాక్యాల జవాబు వచ్చింది: త్వరగా కోలుకోవాలి, పన్నెండు పూర్తి కాలేదు కాబట్టి వచ్చే ఏడాదికి కాంట్రాక్టు లేదు, టీమ్ అన్న మాట ప్రొఫైల్‌లోంచి తీసేయగలరు.

ఆ కంపెనీ పేరు రాయడం లేదు. అది ఒక్క కంపెనీ తప్పు అయితే ఈ బహిరంగ లేఖ అవసరమే లేదు, వాళ్లతోనే తేల్చుకునేదాన్ని. పార్కింగ్ లాట్లలో మిగతా తల్లిదండ్రులతో మాట్లాడాక తెలిసింది, పేర్లు మారతాయి గానీ కాగితాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయని. ఇక అసలు విషయాలు.

1. ఇది వ్యాయామం లేని ఆట అన్న అబద్ధాన్ని మీరే సాగనిస్తున్నారు.

మా ఆఫీసులో సాటి తెలుగువాళ్లు ఇప్పటికీ నవ్వుతారు, ‘పార్కులో పళ్లేలు విసరడం కూడా ఆటేనా’ అని. వాళ్లకు నేను చెప్పే లెక్క ఇది. క్రికెట్ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. బేస్‌బాల్ ఇంకా తక్కువ, 150 గ్రాములు కూడా ఉండదు. పీడీజీఏ నియమం ప్రకారం డిస్కు బరువు ప్రతి సెంటీమీటరు వ్యాసానికి 8.3 గ్రాములు దాటకూడదు. ఆ లెక్కన 21.1 సెంటీమీటర్ల డ్రైవర్ (దూరం విసిరే డిస్కు) 175 గ్రాముల దాకా ఉండొచ్చు. అంటే క్రికెట్ బంతి కంటే బరువు. దాన్ని ప్రో ఆటగాళ్లు గంటకు 110 కిలోమీటర్లు దాటిన వేగంతో వదులుతారు. మన మీడియం పేసర్ బంతి వేగం అది. పేసర్ చేయి పైనుంచి తిప్పి వేస్తాడు. ఇక్కడ మూడు నాలుగు అడుగుల పరుగు తీసి, ముందు కాలిని నేలకు తాటించి, తుంటి తిప్పి, ఛాతీకి అడ్డంగా చేయి లాగి ఆఖరి క్షణంలో మణికట్టు విదల్చాలి. కాలి నుంచి మొదలైన బలమంతా చివరికి మోచేయి, వేళ్ల గుండా బయటికి పోతుంది. డేవిడ్ విగిన్స్ జూనియర్ 2016లో నెవాడా ఎడారిలో గాలి వాటం చూసుకుని 338 మీటర్లు విసిరాడు. పెద్ద క్రికెట్ గ్రౌండులో ఈ బౌండరీ నుంచి ఆ బౌండరీకి ఉన్న దూరానికి రెట్టింపు.

ఆ తర్వాత నడక. టూర్ కోర్సు మూడు కిలోమీటర్లు దాటే ఉంటుంది, అదీ హోల్ పొడవు (విసిరే చోటు నుంచి బుట్ట దాకా ఉన్న దూరాలు) మాత్రమే. ఎక్కుడు దిగుడులు, ఒక హోల్ నుంచి ఇంకో హోల్‌కి నడక కలిపితే రౌండుకు మూడు నాలుగు గంటలు. ఇలా వరసగా మూడు నాలుగు రోజులు. ఫిబ్రవరి, మార్చిలో మొదలైన సీజన్ అక్టోబరు దాకా. మధ్యలో చాలామంది ఆటగాళ్లు వ్యాన్లలోనే పడుకుంటూ ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తామే నడుపుకుంటూ పోతారు. ఇది వ్యాయామం కాకపోతే ఏది వ్యాయామం? కానీ మీ ప్రకటనల్లో ఎంతసేపూ ప్లాస్టిక్ రంగులూ, డిస్కు మీద వేసే స్టాంపులూ, కొత్త మోడళ్లే. శరీరం మాట గాయమైన రోజున తప్ప వినపడదు.

2. డిస్కు కొలతలకు నియమం ఉంది, చేతికి లేదు.

ఇది నా ముఖ్యమైన ఫిర్యాదు, కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

1983కి ముందు డిస్కుల అంచు గుండ్రంగా ఉండేది. ఆ ఏడాది డేవ్ డనిపేస్ చేతుల మీదుగా, ఇన్నోవా కంపెనీ నుంచి అంచు పదునుగా వాలిన మొదటి డిస్కు వచ్చింది. అక్కడి నుంచి ఆట స్వరూపం మారింది. అంచు వెడల్పు పెరుగుతూ వచ్చింది, డిస్కు గాలిని చీల్చుకుపోవడం మొదలైంది. ఎక్కడో ఒకచోట ఆపాలి కాబట్టి మీరు ఆపారు: అంచు వెడల్పు 2.6 సెంటీమీటర్లు మించకూడదు. వ్యాసం 21 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఏ డిస్కూ 200 గ్రాములు దాటకూడదు. ఎంత వంగాలో కూడా రాశారు. మంచిదే. ఒక ప్లాస్టిక్ ముక్క విషయంలో సెంటీమీటరులో పదో వంతు దాకా జాగ్రత్తపడ్డారు.

మరి ఆ ముక్కను విసిరే పదమూడేళ్ల పిల్ల రోజుకు ఎన్నిసార్లు పూర్తి బలంతో విసరొచ్చు? మీ రూల్ బుక్కులో ఆ లెక్క లేదు. ఇదే అమెరికాలో బేస్‌బాల్ పిల్లలకు ఉంది. పిల్లల బేస్‌బాల్ సంస్థ లిటిల్ లీగ్ 2007 నుంచి పిచ్‌లు, అంటే బంతి విసుర్లు, లెక్కపెడుతోంది. పదకొండు పన్నెండేళ్ల వాళ్లకు రోజుకు 85, పదిహేను పదహారేళ్ల వాళ్లకు 95. ఆ సంఖ్యకు చేరాక, పిల్లాడు ఎంత బాగా వేస్తున్నా కోచ్ బంతి తీసేసుకోవాలి. తర్వాత ఎన్ని రోజులు విశ్రాంతి అన్నదీ రాసి ఉంటుంది. మా పక్కింటి వాళ్ల అబ్బాయి బేస్‌బాల్ ఆడతాడు. వాడి విసుర్లు లెక్కపెట్టడానికి బెంచి మీద ఒక మనిషి ఉంటాడు. మా అమ్మాయి అంతకంటే బరువైనదాన్ని ఫుట్‌బాల్ గ్రౌండులో సాయంత్రం నూటయాభై సార్లు విసిరి వచ్చేది. లెక్కపెట్టే మనిషి లేడు. తల్లిగా నేనూ లెక్కపెట్టలేదు. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను. కానీ లెక్కపెట్టాలని నాకు ఎవరు చెప్పారు?

గాయాల సంగతి మీకు తెలియనిది కాదు. 2015లో క్రీడా వైద్యుల పత్రికలో ఒక సర్వే వచ్చింది. జవాబిచ్చిన 883 మంది డిస్క్ గోల్ఫర్లలో 81 శాతానికి పైగా ఈ ఆటలో ఎప్పుడో ఒకసారి గాయపడ్డామన్నారు. మోచేయి, నడుము, భుజం ముందు వరసలో ఉన్నాయి. గాయపడ్డవాళ్లే ఎక్కువగా జవాబిచ్చి ఉండొచ్చు, ఆ మాట కూడా నేనే అంటాను. సగానికి తగ్గించి చూసినా చిన్న సంఖ్య కాదు. పైస్థాయిలో చూస్తే, ఐదుసార్లు ప్రపంచ విజేత పేజ్ పియర్స్ 2023లో చీలమండ విరిగి ఆటకు దూరమైంది. ఈగల్ మెక్‌మాన్ అంతటివాడిని భుజం గాయం కూర్చోబెట్టింది. వాళ్లకు పేరుంది, అభిమానులున్నారు, తిరిగి వచ్చేదాకా డిస్కులు అమ్ముడుపోతూనే ఉంటాయి. ర్యాంకుల్లో వందో స్థానంలో ఉన్న మనిషికి భుజం పోతే ఏం మిగులుతుంది?

3. స్పాన్సర్‌షిప్ అంటే పైన జీతం, కింద డిస్కౌంటు.

డిస్క్రాఫ్ట్ కంపెనీ 2021లో పాల్ మెక్‌బెత్‌కు పదేళ్లకు కోటి డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. ఆ మర్నాడు ఇక్కడి పార్కుల్లో ప్రతి నోటా అదే మాట. అంతకుముందు ఆయనకున్న కాంట్రాక్టు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లది. మరుసటి ఏడాది రికీ వైసాకీ నాలుగేళ్లకు నలభై లక్షల డాలర్లకు డైనమిక్ డిస్క్స్ కంపెనీతో కుదుర్చుకున్నాడు. మెక్‌బెత్‌కు వచ్చినందుకు నాకు ఏ అసూయా లేదు. ఆరుసార్లు ప్రపంచ విజేత. మొదటిసారి గెలిచింది 2012లో మా షార్లెట్‌లోనే. ఆయన సంపాదన ఆయన కష్టం.

నాకు అభ్యంతరమున్నది ఆ కోటి డాలర్ల కథను ఎరగా వాడటం మీద. పది పన్నెండు మందికి జీతాలు. వాళ్ల కింద కొన్ని వందల మందికి ‘టీమ్’ అన్న పేరు, జెర్సీ, కొంత ప్లాస్టిక్. ఆ కింద నా కూతురు లాంటి వాళ్లు. వాళ్లకు డిస్కౌంటు కూపను, ఇన్‌స్టాగ్రామ్ కోటా. దీన్ని స్పాన్సర్‌షిప్ అనరు. మా ఊళ్లో అయితే ‘కూలి లేని ప్రచారం’ అంటారు. షరతులు మాత్రం కోటి డాలర్ల వాడికీ కూపన్ పిల్లకీ ఒకటే: వేరే కంపెనీ డిస్కు బ్యాగులో కనపడకూడదు. కోటి తీసుకున్నవాడిని కట్టేయండి, న్యాయం ఉంది. కూపన్ ఇచ్చిన పిల్లను ఎందుకు కట్టేస్తారు? ఒక యువ ఆటగాడు కంపెనీ మారితే 2023 ఆరంభంలో ఆ గొడవ కోర్టు దాకా పోవడం అందరం చూశాం. అంత పేరున్న కుర్రాడికే అలా ఉంటే, లాయరంటే ఇల్లు కొన్నప్పుడు తప్ప ముఖం చూడని మా బోటి వాళ్ల సంగతేంటి?

ఇంకో మాట. ఎవరు ఇస్తున్నారు ఈ డబ్బు? ఆటగాడి పేరు స్టాంపు వేసిన టూర్ సిరీస్ డిస్కు ఇరవై డాలర్ల పైమాట. అదే మోడల్ మామూలు ప్లాస్టిక్‌లో పది డాలర్లకు దొరుకుతుంది. ఆ తేడా కట్టేది పార్కుకొచ్చే గుమాస్తా, ట్రక్కు డ్రైవరు, కాలేజీ పిల్ల. తమ ఇష్టమైన ఆటగాడికి కొంత చేరుతుందని కడతారు. ఎంత చేరుతుందో కవరు మీద ఎక్కడా ఉండదు. 2021లో ఆగ్డెన్‌లో ప్రపంచ పోటీల ఆఖరి హోల్‌లో జేమ్స్ కాన్రాడ్ 247 అడుగుల నుంచి నేరుగా గొలుసుల్లోకి వేశాడు. అది చూసి నేను వంటింట్లోంచి గరిట పట్టుకునే బయటికి పరిగెత్తాను. మెక్‌బెత్‌తో సమమై, ప్లేఆఫ్‌లో గెలిచాడు. ఆ తర్వాత ఆయన విసిరిన మోడల్ పటర్ కోసం దుకాణాల్లో జనం ఎగబడ్డారు. మేమూ రెండు కొన్నాం. ఒక్క విసురుకు కంపెనీల తలరాత ఎలా మారుతుందో మీకు నేను చెప్పాలా? ఆ విసురు చేతిదండీ, ప్లాస్టిక్‌ది కాదు.

4. డిస్కు మీద నాలుగు అంకెలు ఎవరి మాట?

స్పీడ్, గ్లైడ్, టర్న్, ఫేడ్. అంటే ఎంత వేగంగా విసరాలి, ఎంతసేపు తేలుతుంది, మొదట్లో ఎంత పక్కకు తిరుగుతుంది, చివర్లో ఎంత వెనక్కి వాలుతుంది అని. దాదాపు ప్రతి డిస్కు మీదా ఈ నాలుగు అంకెలుంటాయి. కొనేవాళ్లు వాటిని నమ్మి కొంటారు. పీడీజీఏ ముద్ర ఉంది కదా, పరీక్షించే ఉంటారనుకుంటారు. మీరు పరీక్షించేది కొలతలు, బరువు, వంపు మాత్రమే. ఎగిరే తీరు కాదు. ఆ అంకెలు ఎవరి కంపెనీ వాళ్లు వేసుకున్నవి. ఒకరి 9 ఇంకొకరి 10. అదే మోడల్ వేరే ప్లాస్టిక్‌లో వేరేలా ఎగురుతుంది. ఆమోదం పొందిన మోడళ్లు ఎప్పుడో వెయ్యి దాటాయి. మా అమ్మమ్మ బియ్యం కొంటే గుప్పెడు తీసి నమిలి చూసేది. ఇక్కడ విసిరి చూడకుండా కొనాలి, కొన్నాక వాపసు లేదు.

దీనికీ చేతికీ సంబంధం ఉంది. స్పీడ్ 12, 13 ఉన్న వెడల్పు అంచు డిస్కులు బాగా వేగంగా విసరగలిగితేనే ఎగురుతాయి. తెలిసిన కోచ్ ఎవరైనా కొత్తవాళ్లకు పటర్‌తో, మధ్య దూరాలకు వాడే మిడ్‌రేంజ్‌తోనే మొదలుపెట్టమంటారు. పిల్లలేమో తమ హీరో పేరున్న డ్రైవర్ కొంటారు. అది పోదు. ఇంకా బలంగా లాగుతారు. ఇంకా పోదు. మోచేయి పోతుంది.

5. గెలిచినా ప్లాస్టిక్కే.

జూనియర్, అమెచ్యూర్ విభాగాల్లో బహుమతి డబ్బు కాదు, దుకాణం క్రెడిట్ లేదా డిస్కులు. నియమం తెలుసు, అమెచ్యూర్ నగదు తీసుకోకూడదు. మా గరాజ్‌లో ఇప్పుడు నూటపది డిస్కులున్నాయి. ఫిజియో బిల్లుకు ఒక్కటీ చెల్లదు.

6. ఆడపిల్లల సంగతి.

టోర్నమెంటుకు వెళితే పదిమందిలో ఒక ఆడపిల్ల కూడా కనిపించని రోజులే ఎక్కువ. కాంట్రాక్టులోంచి తీసేశాక మా అమ్మాయితోపాటు ఆడే ఇద్దరు పిల్లలు కూడా మానేశారు. ‘దానికే అలా అయితే మాకేం వస్తుంది’ అన్నారట. ఎస్టోనియా నుంచి క్రిస్టిన్ తత్తర్ వచ్చి 2022, 2023లో వరసగా ప్రపంచ విజేత అయినప్పుడు మా ఇంట్లో గోడకు ఆమె బొమ్మ ఎక్కింది. ఎనిమిదో తరగతి పిల్ల అలా గోడకు బొమ్మ అంటించుకున్నప్పుడు, ఆ నమ్మకానికి తగ్గ ఏర్పాటు ఆటలో ఉండాలి కదా.

ఇక మేము అడుగుతున్నవి. మేము అంటే నేనొక్కదాన్నే కాదు. ఈ చుట్టుపక్కల జూనియర్లుగా ఆడే పిల్లల తల్లిదండ్రులు పద్నాలుగు కుటుంబాల వాళ్లం. అందులో మన తెలుగు ఇళ్లు మూడు.

అ) పద్దెనిమిదేళ్ల లోపు వారికి రోజుకు, వారానికి పూర్తి బలం విసుర్ల పరిమితి వైద్యులతో కూర్చుని నిర్ణయించండి. మొదట సలహాగానైనా ప్రకటించండి. జూనియర్ పోటీల్లో ఒకే రోజు రెండు రౌండ్లు పెట్టడం ఆపండి.

ఆ) మైనర్లతో ఏ కంపెనీ ఒప్పందం చేసుకున్నా పీడీజీఏ ఇచ్చిన ఒకే నమూనా మీద చేసుకోవాలి. రెండు పేజీలు, మామూలు భాష. గాయమైతే టోర్నమెంట్ల కోటా రద్దు కావాలి. గాయం పేరుతో ఒప్పందం తెంచకూడదు. జీతం ఇవ్వని ఒప్పందంలో ‘మా డిస్కులే వాడాలి’ అన్న షరతు ఉండకూడదు.

ఇ) టూర్‌లో ఆడేందుకు కార్డు ఉన్న ప్రతి ఆటగాడికీ గాయాల బీమా. ఆమోదం పొందే ప్రతి కొత్త మోడల్ మీద కంపెనీల నుంచి కొంత రుసుము అదనంగా తీసుకుని దానికి నిధి పెట్టొచ్చు. కొత్త మోడళ్లకు కొదవ లేదు కాబట్టి నిధికీ కొదవ ఉండదు.

ఈ) టూర్ సిరీస్ డిస్కు మీద ఆటగాడికి చేరేది ఎంతో కవరు మీద రాయండి. ఒక్క లైను. సిరా ఖర్చు మేము భరిస్తాం.

ఉ) నాలుగు అంకెలకు ఒకే పరీక్ష పెట్టండి. విసిరే మెషీన్‌తో, ఒకే వేగంతో, గాలి లేనిచోట. అది కుదిరేదాకా ‘ఈ అంకెలు కంపెనీ అంచనా మాత్రమే’ అని ముద్రించండి.

ఊ) అమెచ్యూర్ బహుమతి క్రెడిట్‌ను ఫిజియోథెరపీకి, కోచింగ్‌కు వాడుకునే వీలు కల్పించండి.

వీటిలో కొన్ని కష్టమని నాకు తెలుసు. బీమా అన్నది అమెరికాలో ఎంత పెద్ద తలనొప్పో బ్యాంకులో పనిచేసే మనిషిగా నాకు బాగా తెలుసు. కరోనా రోజుల్లో దుకాణాల్లో డిస్కులు దొరక్క క్యూ కట్టిన కాలం పోయిందనీ, అమ్మకాలు తగ్గి కంపెనీలు టీములను కుదించుకుంటున్నాయనీ వింటున్నాను. అందుకే అడుగుతున్నాను. డబ్బు తగ్గినప్పుడు ముందు కోత పడేది కిందివాళ్లకే. అయినా (అ), (ఆ), (ఈ) అమలుకు డబ్బు అక్కర్లేదు. ఒక మీటింగు, ఒక కాగితం చాలు. ఈ మూడింటికి అరవై రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబు కోరుతున్నాం. రాకపోతే మా పద్నాలుగు కుటుంబాలూ వచ్చే ఏడాది సభ్యత్వం కట్టవు. పద్నాలుగు చిన్న సంఖ్యే. ఈ లేఖ మిగతా ఊళ్లలో చదివినవాళ్లు ఏం చేస్తారో వాళ్లిష్టం.

తెలుగు తల్లిదండ్రులకు ఒక మాట. ఆట మాన్పించకండి. ఇంత తక్కువ ఖర్చుతో పిల్లలు చెట్ల మధ్య నాలుగు గంటలు ఫోన్ ముట్టకుండా తిరిగే ఆట ఇంకోటి నేను చూడలేదు. చెన్నైలో, బెంగళూరులో, హైదరాబాదులో అల్టిమేట్ (రెండు జట్లు ఫ్రిస్బీతో ఆడే ఆట) ఆడే పిల్లల చేతుల్లో ఉండేదీ 175 గ్రాముల డిస్కే. కాకపోతే అది పెద్దది, మెల్లగా తేలుతుంది. అక్కడి నుంచి వచ్చిన కజిన్స్ మా కోర్సులో అరగంటలో పట్టేశారు. ఆడించండి. కాంట్రాక్టు వస్తే మాత్రం ఆ రోజు సంతకం పెట్టకండి. రెండు రోజులాగి, మిఠాయి పంచడం అయ్యాక, మళ్లీ చదవండి. విసుర్లు లెక్కపెట్టండి. ఫోన్‌లో టిక్కులు పెట్టుకుంటే చాలు. నేనిప్పుడు అదే చేస్తున్నాను.

మా అమ్మాయి మళ్లీ మొదలుపెట్టింది. ప్రస్తుతానికి పది మీటర్ల లోపల నుంచి బుట్టలోకి వేసే చిన్న విసుర్లు మాత్రమే. పాత డిస్కులు అటక మీంచి దించింది. నాలుగు కంపెనీలవి కలిపి ఒకే బ్యాగులో పెట్టుకుంది.

అక్టోబరులో రాక్ హిల్‌లో విన్‌త్రాప్ యూనివర్సిటీ కోర్సు మీద యూఎస్ చాంపియన్‌షిప్ జరుగుతుంది. మాకు అరగంట దూరం, ఏటా వెళ్తాం. 17వ హోల్‌లో గడ్డి మోపుల గోడ వెనక నిలబడతాను. మీలో చాలామంది ఆ రోజు అక్కడే ఉంటారు. మెయిల్‌కు జవాబివ్వడం కుదరకపోతే అక్కడికొచ్చి చెప్పినా సరే. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతి నా చేతిలో ఉంటుంది.

ఇట్లు,
పద్నాలుగు కుటుంబాల తరఫున
ఒక జూనియర్ క్రీడాకారిణి తల్లి,
షార్లెట్, నార్త్ కరొలైనా